నవ్వకమ్మా, ఇది ఉత్తుత్తి ఫోటో

1వ తేదీ, సోమవారం

ఉదయం 6.50. డైరీ కొత్తది కాదు. ఈత నేర్చుకుంటానని రెండేళ్ళ కిందట మొదలుపెట్టినది. నాలుగో పేజీలోనే మునిగాను. మిగతా పేజీలన్నీ తెల్లగా, పొడిగా ఉన్నాయి. వృథా చేయడమెందుకు?

ఈసారి పట్టుదల వేరు. ఈసారి అడిగింది అమ్మ.

మొన్న పళ్ళ డాక్టరు తేల్చి చెప్పాడు. పై వరసలో మిగిలిన తొమ్మిదీ కదిలిపోతున్నాయి, అన్నీ తీసేయాలి. 18వ తేదీ, గురువారం, పదకొండింటికి. మూడు నెలలాగి కట్టుడు పళ్ళు. అమ్మ అన్నీ విని తలాడించింది. క్లినిక్ మెట్లు దిగుతూ మూడో మెట్టు మీద ఆగింది.

"తీసేలోగా నా నవ్వు ఒకటి ఫోటో తీసిపెట్టరా. పళ్ళన్నీ కనపడాలి. గాటు కూడా."

గాటు అంటే ముందుపన్ను అంచున పడ్డ నొక్కు. అమ్మ నలభై ఏళ్ళు బడిపిల్లల యూనిఫారాలు కుట్టింది. కత్తెర పక్కనే ఉన్నా దారం పంటితోనే తెంచేది. తెంచీ తెంచీ దారం పట్టేంత గాడి పడింది.

ఇంటికొచ్చి ఆల్బమ్ తిరగేశాను. అమ్మ ఫోటోలు ముప్పై ఆరు. ముప్పై ఆరింటిలోనూ నోరు మూసే ఉంది. అడిగితే, "పెళ్ళప్పుడు ఫోటోగ్రాఫరు పెదాలు మూసుకోమన్నాడు. తర్వాత గాటు పడింది, నేనే మూసుకున్నా" అంది. అరవై ఎనిమిదేళ్ళలో మొదటిసారి నోరు తెరిచి అడిగిన ఫోటో ఇది. అల్లాటప్పాగా తీస్తే ఎలా?

ఫోనుతో తీయొచ్చుగా అంది మా ఆవిడ. తీసి చూపించాను. నా ఫోను అమ్మ ముడతలన్నీ ఇస్త్రీ చేసి పారేసింది. అది గాటును మాత్రం బతకనిస్తుందా?

కాబట్టి కెమెరా. ఇంట్లో రెండున్నాయి.

ఒకటి: మిర్రర్‌లెస్. బావమరిదిది. "మూడు నెలలు వాడి చూడు బావా, నచ్చితే ఉంచేసుకో" అని ఇచ్చాడు. మా ఆవిడ సొంత తమ్ముడికి పెట్టిన పేరు మెగాపిక్సెల్.
రెండు: కాంపాక్ట్, జేబులో పట్టేది. మాది. పన్నెండేళ్ళ పాతది. బ్యాటరీ మూతకు రబ్బరుబ్యాండు వేసి ఉంటుంది.

తీర్మానాలు:
10వ తేదీ సాయంత్రానికి ఏ కెమెరానో తేల్చేయాలి.
14 ఆదివారం అమ్మ ఫోటో.
రివ్యూ వీడియోలు రోజుకు ఒకటే.
ఎవరినీ సలహా అడగను.

పద్నాలుగు రోజులు. ఎగతాళి చేసేవాళ్ళు చేసుకోండి.

2వ తేదీ, మంగళవారం

నా ఉద్యోగం కళ్ళద్దాల షాపులో. చూపు పరీక్ష చేసేది నేనే. చీకటిగదిలో మనిషిని కూర్చోబెట్టి, కంటి ముందు అద్దాలు మార్చి మార్చి అడుగుతాను: "ఒకటి బాగుందా, రెండు బాగుందా?" రోజుకు పాతికమందిని. పదహారేళ్ళుగా. ఇన్ని వేలమంది చేత తేల్చి చెప్పించినవాడిని, నా విషయం నేను తేల్చుకోలేనా?

అమ్మకు మిర్రర్‌లెస్ చూపించాను.

"మిర్రర్‌లెస్సంటే?"

"అద్దం లేనిదమ్మా."

"అద్దాల షాపులో పనిచేస్తూ అద్దం లేనిది తెచ్చావా" అంది.

వీడియోలు: ఒకటి. (రెండు భాగాలుగా ఉంది. ఒకటిగానే లెక్క.)

4వ తేదీ, గురువారం

ఉదయం 7.15. శాస్త్రీయంగా మొదలుపెట్టాను. కిటికీ పక్కన కుర్చీ. నేలమీద చాక్‌పీసుతో నాలుగు గుర్తులు, కుర్చీ కాళ్ళకు. అదే వెలుతురు, అదే దూరం, అదే అమ్మ. ముందు దీనితో, తర్వాత దానితో.

మొదటి ఫోటోకే అమ్మ నవ్వబోయింది. ఆపేశాను. నవ్వు ప్రతిసారీ ఒకేలా రాదు. నవ్వు మారితే పోలిక చెడిపోతుంది.

"నవ్వకమ్మా. ఇది ఉత్తుత్తి ఫోటో. నవ్వు అసలుదానికి దాచుకో."

"మా పెళ్ళి ఫోటోవాడూ ఇదే అన్నాడు" అంది అమ్మ. ఇద్దరం నవ్వుకున్నాం. తను నోరు మూసుకునే నవ్వింది, పాపం.

మిర్రర్‌లెస్: పద్నాలుగు. కాంపాక్ట్: తొమ్మిది. అది ఆన్ అయ్యేసరికి అమ్మ కూరగాయలు తరగడానికి లేచిపోతోంది.

6వ తేదీ, శనివారం

ఫలితాలు ఇప్పటివరకు.

మిర్రర్‌లెస్‌లో అమ్మ కనుబొమ్మలు లెక్కపెట్టొచ్చు. వెనక గోడ మీది మరకలు మాయం. అమ్మ తెరమీద చూసుకుని, "నా మొహంలో ఇన్ని గీతలున్నాయని ఇంతకాలం ఎవరూ చెప్పలేదేంరా" అంది. కొంచెం నొచ్చుకుంది.

కాంపాక్ట్‌లో అమ్మ పదేళ్ళు చిన్నది. కాని కొంచెం పసుపు. గోడ మరకలన్నీ ఉన్నాయి, కొత్తవి రెండు కూడా.

మా ఆవిడ స్కానింగ్ సెంటర్లో పనిచేస్తుంది. డ్యూటీకి వెళ్తూ కుర్చీ దగ్గర ఆగింది. "నేను రోజూ కడుపులో బిడ్డల బూడిదరంగు బొమ్మలు తీస్తాను. కాలేదో చెయ్యేదో వాళ్ళకు తెలియదు. చూసి ఆనందంతో ఏడుస్తారు. ఏ మిషనుతో తీశారని ఇప్పటిదాకా ఒక్కరూ అడగలేదండీ" అంది.

అది విని అమ్మ పడీపడీ నవ్వింది. నేనప్పటికే మీట నొక్కేశాను. తల ఊగిపోయి రెండు ఫోటోలు చెడాయి. డిలీట్.

వీడియోలు: మూడు. శనివారం కదా.

9వ తేదీ, మంగళవారం

షాపులో ఒక రిటైర్డు హెడ్‌మాస్టరు. "ఒకటా, రెండా?" అంటే "మళ్ళీ చూపించండి" అంటాడు. చూపించాను. మళ్ళీ అన్నాడు. పదమూడుసార్లు. చివరికి "రెండూ ఒకేలా ఉన్నాయే" అన్నాడు. మా పనిలో దానికో పద్ధతుంది. రెండూ ఒకేలా ఉన్నాయంటే తక్కువ పవరే రాసి పంపేయాలి. రాసిచ్చాను. ఆయన బయటికెళ్ళాక షాపులో పని నేర్చుకునే కుర్రాడితో అన్నాను, "ఒక్క అద్దం తేల్చుకోవడానికి ఇంతసేపా? కొందరికి బొత్తిగా స్థిరం ఉండదు."

సాయంత్రం మెగాపిక్సెల్ ఫోను. నేను అడగలేదు, వాడే చేశాడు. కాబట్టి సలహా అడిగినట్టు కాదు. గంటా పది నిమిషాలు.

"బావా, లెన్సు మార్చు బావా, ఈ లెన్సు మనుషులకు కాదు."

"మరి దేనికి?"

"కొండలకి."

మా అమ్మను ఇన్నాళ్ళూ కొండల లెన్సుతో తీస్తున్నానన్నమాట. ఐదు రోజుల కష్టం బూడిదలో పోసిన పన్నీరు. వాడు రేపు వేరే లెన్సు పంపుతాడట. పోలిక మొదటినుంచీ మొదలు.

10వ తేదీ, బుధవారం

గడువు. తేలలేదు. దానికి కారణాలు:
లెన్సు సాయంత్రం ఆరింటికి వచ్చింది. వెలుతురు పోయింది.
కాంపాక్ట్‌కు ఛార్జింగు లేదు.
అమ్మ వీధి చివర దర్జీకి బొత్తాం కాజాలు నేర్పడానికి వెళ్ళింది. నన్నడక్కుండా.

"రెండిటితోనూ తీసేస్తే పోలా?" అంది మా ఆవిడ.

"అప్పుడు రెండు ఫోటోల్లో ఏది అసలుదో తేల్చుకోవాలి కదా."

ఆవిడ నన్ను చాలాసేపు చూసింది. తన సెంటర్లో ఏదో అర్థంకాని బొమ్మను ఇలాగే చూస్తుందనుకుంటా.

గడువు 13కు మార్చాను. ఆలస్యం అమృతం విషం అంటారు గాని, తొందరపడితే మాత్రం అమృతమా?

11వ తేదీ, గురువారం

కొత్త లెన్సుతో ఇరవై రెండు. అమ్మ ఇప్పుడు తనే వచ్చి కూర్చుంటోంది, కుర్చీ చాక్‌పీసు గుర్తుల మీదికి జరుపుకుని. "ఉత్తుత్తిదేనా?" అని అడుగుతుంది. అవునంటే చక్కగా పెదాలు బిగించుకుంటుంది. ఇంత సహకరించే మనిషి షాపుకు ఒక్కరొచ్చినా చాలు.

వీడియోలు: లెక్క మానేశాను. లెక్కపెట్టడం వల్లే మనసు అటు పోతోంది.

13వ తేదీ, శనివారం

ఎటూ తేలలేదు. ఒకటి మనిషిని చూపిస్తుంది, ఇంకొకటి మనం గుర్తుపెట్టుకున్న మనిషిని చూపిస్తుంది. ఈ వాక్యం బాగా వచ్చిందని మా ఆవిడకు చదివి వినిపించాను. "ఫోటో తీశారా?" అంది.

14వ తేదీ, ఆదివారం

ఉదయం 7. అమ్మ తలదువ్వుకుని, దాచుకున్న మంచి బట్టలు కట్టుకుని కూర్చుంది. మబ్బు.

7.20. మిర్రర్‌లెస్ తెరమీద "అప్‌డేట్ చేయమంటారా?" అని వచ్చింది. మెగాపిక్సెల్‌ని అడిగాను. చేసెయ్ బావా అన్నాడు. చేశాను.

9.05. ఇంకా అప్‌డేట్ అవుతోంది.

9.10. కాంపాక్ట్ తీశాను. ముందొక ఉత్తుత్తిది. ఫ్లాష్ దానంతటదే వెలిగి అమ్మ కళ్ళజోడు మీద రెండు సూర్యుళ్ళు. ఫ్లాష్ ఆపే మీట పోయినేడు ఊడింది.

"పోనీ, రేపు సాయంత్రం ఎండలో తీద్దామమ్మా. ఇంకా నాలుగు రోజులుందిగా."

"సరేలే. ఈ బట్టలు రేపటికీ ఇవేగా" అని మడతలు పడకుండా మార్చుకుంది.

15వ తేదీ, సోమవారం

ఉదయం 7.10. అమ్మ రాత్రంతా పంటినొప్పితో నిద్రపోలేదట. ఎడమ చెంప వాచింది. అయినా తల దువ్వుకుంది, ఆ బట్టలే కట్టుకుంది.

"ఇప్పుడే తీసెయ్యకూడదట్రా?"

"వాపుతో బాగుండదమ్మా. మాత్ర వేసుకో. సాయంత్రానికి తగ్గుతుంది, ఎండా బాగుంటుంది."

షాపుకు వెళ్ళిపోయాను.

మధ్యాహ్నం 1.10. చీకటిగదిలో ఫోను మోగనివ్వను. బయటికొచ్చి చూస్తే నాలుగు మిస్డ్ కాల్స్. మూడు మా ఆవిడవి. ఒకటి అమ్మది, 11.05కు. వాపు పెరిగి కన్ను మూసుకుపోతుంటే మా ఆవిడ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. చీము పట్టింది, గురువారం దాకా ఆగకూడదన్నాడు. తొమ్మిదీ తీసేశాడు.

సాయంత్రం 5.30. అమ్మ నోట్లో దూది. మాట్లాడకూడదు. ఇల్లంతా మంచి ఎండ. నేను కావాలన్న ఎండే.

"నాకెందుకు ఫోన్ చేశావమ్మా?" అన్నాను.

మందుల చీటీ తిప్పి రాసింది. "ఏదో ఒకటి తెస్తావేమోనని."

ఏదో ఒకటి. అంతే రాసింది.

16వ తేదీ, మంగళవారం

సెలవు పెట్టాను. కార్డులు రెండూ ముందేసుకుని కూర్చున్నాను. మిర్రర్‌లెస్‌లో 131. కాంపాక్ట్‌లో 88. మొత్తం 219 ఫోటోల్లో మా అమ్మ నోరు మూసుకుని ఉంది. ఒక్కదానిలోనైనా పెదవి కదిలిందేమోనని పెద్దవి చేసి చేసి చూశాను. లేదు. నేను చెప్పినట్టే విన్నది.

నవ్వినవి రెండు ఉండేవి. చెడాయని నేనే తీసేశాను.

సిగ్గేస్తోంది. అమ్మ తిట్టినా బాగుండేది. పొద్దున్న మజ్జిగ తాగుతూ సైగ చేసింది, నువ్వు తిన్నావా అని. అప్పుడు ఏడుపొచ్చింది. మా ఆవిడ చూసి కూడా చూడనట్టు లోపలికి వెళ్ళింది.

కెమెరాలు రెండూ అలమారలో పెట్టేశాను. చాక్‌పీసు గుర్తులు తుడిచేశాను. తీర్మానం ముగిసింది. ఈత నయం.

20వ తేదీ, శనివారం

రాయడానికేమీ లేదు. అమ్మ మాట్లాడుతోంది. "ప"లు "ఫ"లవుతున్నాయి. నవ్వొస్తే అరచెయ్యి అడ్డం పెట్టుకుంటోంది. ఇదివరకు పెట్టుకునేది కాదు.

29వ తేదీ, సోమవారం

ఉదయం 10.30. కట్టుడు పళ్ళు చేసే ల్యాబు. టెక్నీషియన్ పాతికేళ్ళ అమ్మాయి, నెమ్మదస్తురాలు. చిగుళ్ళు చూసి, "ఇంకో నెలాగి కొలతలు తీసుకుంటాం. అమ్మగారు నవ్వుతున్న పాత ఫోటో తెమ్మన్నాం కదా, తెచ్చారా? అది చూసి పళ్ళ వరస అలాగే పేరుస్తాం" అంది.

తెమ్మన్నారని తెలుసు. అందుకే కాంపాక్ట్ పట్టుకెళ్ళాను, ఒక్కటైనా పనికొస్తుందేమోనని. చిన్న తెరమీద ఒక్కొక్కటే జరిపి చూపించాను. ఆ అమ్మాయి ఇరవై దాకా ఓపిగ్గా చూసింది. "ఇవన్నీ... నోరు మూసే ఉన్నాయండీ" అంది.

"అవి ఉత్తుత్తివమ్మా" అంది మా అమ్మ నా తరఫున.

"పోనీ నోటితో చెప్పండి. ముందుపళ్ళు ఎలా ఉండేవి?"

"ఒక పన్నుకు గాటుండేది" అన్నాను.

"ఏ పక్క?"

నోరు తెరిచాను. రెండువారాలు, రెండు కెమెరాల్లోంచి, కనుబొమ్మ వెంట్రుకలు లెక్కపెట్టినవాడిని. చిన్నప్పుడు ఆ గాటులో దారం ఇరుక్కుంటే లాగినవాడిని. కుడా, ఎడమా? "కుడి" అన్నాను. "ఎడమ" అంది మా ఆవిడ. "మీ కుడా, అమ్మగారి కుడా?" అంది ఆ అమ్మాయి. అంతా గందరగోళం. నా జీవితంలో అంత చిన్నతనం ఎప్పుడూ అనిపించలేదు. ఎదుటివాళ్ళను ఒకటా రెండా అని అడిగి అడిగి, నన్ను అడిగితే చెప్పలేకపోయాను.

"ఉండండి, నాలుకనడుగుతా" అంది అమ్మ. కళ్ళు మూసుకుంది. బుగ్గ లోపల నాలుక కదిలింది, ఇటూ అటూ. ఒకచోట ఆగింది. "ఎడమ. నా ఎడమ."

ఆ అమ్మాయి రాసుకుంది. "కొత్త పంటికీ చిన్న గాటు పెట్టమంటారా అమ్మా? అచ్చం పాత నవ్వులా ఉంటుంది."

పెట్టమను, పెట్టమను అనుకున్నాను మనసులో. నా తప్పు కొంతైనా పూడుతుంది.

అమ్మ ఆలోచించింది. "వద్దులే తల్లీ. కొత్తది కొత్తగానే ఇయ్యి. గాటు నేను పెట్టుకుంటా."

"అయ్యయ్యో, వాటితో దారం తెంపకూడదమ్మా. విరిగిపోతాయి."

"నలభై ఏళ్ళల్లో నావే విరగలేదు. నువ్వు గట్టిగా చేస్తే నీవెందుకు విరుగుతాయి?"

ఆ అమ్మాయి మొహం చూసి అమ్మకు నవ్వొచ్చింది. చెయ్యి అడ్డం పెట్టుకోవడం మర్చిపోయింది. నోరంతా తెరిచి, పైన ఉత్త చిగుళ్ళు, కింద పళ్ళు, భుజాలు ఊగిపోయేలా నవ్వింది. నా చేతిలో ఉన్నది నొక్కేశాను. ఫ్లాష్ వెలిగింది.

వచ్చిన ఫోటో: అమ్మ కళ్ళు మూసుకుంది. టెక్నీషియన్ మోచెయ్యి పెద్దదిగా. ఓ మూల దవడ బొమ్మ ఒకటి. తల కొంచెం ఊగింది.

అమ్మ తెర దగ్గరికి తీసుకుని చూసుకుంది. "ఇంత నోరుందా నాకు" అంది. తర్వాత, "దీన్ని తీసెయ్యకేం" అంది మెల్లగా.

తనకు తెలియదనుకున్నాను. ఆరో తేదీ సంగతి ఆమెకు తెలుసు.

"తీసెయ్యనమ్మా" అన్నాను.

కాంపాక్ట్ గెలిచిందా అని ఇంటికొచ్చాక మా ఆవిడ అడిగింది. గెలవలేదు. చేతిలో ఉంది.

1వ తేదీ, బుధవారం

ఉదయం 6.50. కొత్త తీర్మానాలు.
రోజుకొక ఫోటో, అమ్మది. కట్టుడు పళ్ళు వచ్చేదాకా. వచ్చాక కూడా.
ఏది చేతికందితే దానితో.
"నవ్వకు" అనే మాట ఈ ఇంట్లో నిషేధం.

7.15. అమ్మను కిటికీ దగ్గరికి పిలిచాను. గుర్తులు లేవు కాబట్టి కుర్చీ వంకరగా వేసుకుంది.

"ఉత్తుత్తిదా, అసలుదా?"

"అసలుదే."

"అయితే ఉండు, పళ్ళు పెట్టుకొస్తా" అని, తన జోకుకు తనే నవ్వింది. తీశాను.

7.20. మెగాపిక్సెల్ మెసేజ్. "బావా, పెద్దవాళ్ళ నవ్వులకే ప్రత్యేకంగా ఒక లెన్సుందట. రెండు రకాలు. వీడియో పంపాను, చూడు."

చూడను.

7.24. ఎంత నిడివి ఉందో మాత్రం చూశాను. పద్దెనిమిది నిమిషాలు.

7.31. రెండో రకం మెరుగ్గానే ఉన్నట్టుంది. మొదటిది కూడా తీసిపారేసేది కాదు.

7.33. "అయిపోయిందా, లేవనా?" అంది అమ్మ, ఇంకా ఆ వంకర కుర్చీలోంచే.

ఫోను బోర్లించాను. కాంపాక్ట్ మళ్ళీ ఆన్ చేశాను. దాని లెన్సు కుయ్యిమంటూ నెమ్మదిగా బయటికొస్తోంది.

"లేవకు. ఇంకొక్కటి" అన్నాను. "నవ్వమ్మా."